గేట్‌కి చదివిన ఎనిమిది నెలలూ, మామయ్య ఇంటి గోడా

2022 జనవరిలో పది రోజులు నేను పుస్తకం తెరవలేదు. జ్వరం రాలేదు, ఇంట్లో శుభకార్యమూ లేదు. ఒమిక్రాన్ కేసులు పెరుగుతున్నాయి కాబట్టి ఎం.టెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్ష వాయిదా పడుతుందని టెలిగ్రామ్ గ్రూపుల్లో అందరూ అంటున్నారు. సంతకాలు సేకరించారు, సుప్రీంకోర్టులో పిటిషన్లు వేశారు. నేను కోదాడలో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని గంటకోసారి ఫోను చూసుకుంటూ గడిపాను. వాయిదా పడితే ఇంకో రెండు నెలలు దొరుకుతాయి, అన్నీ మొదటినుంచీ చదువుకోవచ్చు, ఈసారి సరిగ్గా చదువుకోవచ్చు. ఆ ఆలోచనలో ఉన్న హాయి అంతా ఇంతా కాదు. ఫిబ్రవరి 3న కోర్టు వాయిదాకి ఒప్పుకోలేదు. 5న పరీక్షలు మొదలైపోయాయి. మా సివిల్ ఇంజనీరింగ్ పేపరు ఆ తర్వాతి వారం. నాకు వందకి 37 మార్కులు వచ్చాయి.

ఆ పది రోజులకి చాలాకాలం కరోనాని కారణంగా చెప్పాను. ఇప్పుడు చెప్పను. పరీక్ష దగ్గరపడేకొద్దీ నాకు ఎంత వచ్చో, ఎంత రాదో తేలిపోతుందని భయపడ్డాను. వాయిదా అన్న మాట వినగానే ఆ భయం కాస్త తగ్గింది. అందుకే ఆ మాటని పట్టుకుని వేలాడాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ప్రతి ఏడాదీ గేట్ దరఖాస్తుల కాలం రాగానే మా కాలేజీ జూనియర్లు మెసేజ్ పెడతారు. "అక్కా, సిలబస్ తెలుసు, పుస్తకాలు ఉన్నాయి, కోచింగ్ కూడా తీసుకున్నా. కానీ మోటివేషన్ ఉండట్లేదు. ఒక నెల బాగా చదువుతా, తర్వాత మనసు పోతుంది. ఏం చేయమంటావు?" మనుషులు వేరు, మాటలు మాత్రం ఇంచుమించు ఇవే. మొదట్లో నేనూ అందరూ చెప్పేవే చెప్పేదాన్ని. టైమ్‌టేబుల్ వేసుకో, ఫోను పక్కన పెట్టు, టాపర్ల ఇంటర్వ్యూలు చూడు అని. వాటివల్ల ఎవరికీ మేలు జరిగినట్టు నాకు కనిపించలేదు. నాకే పనికిరాని సలహాలు వాళ్ళకెందుకు ఇచ్చానా అని తర్వాత బాధపడ్డాను. అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మంచి ర్యాంకు రావాలన్న కోరిక మనిషిని దరఖాస్తు నింపేదాకా తీసుకెళ్తుంది. మహా అయితే ఇంకో నెల చదివిస్తుంది. ఆపైన నెలల తరబడి రోజూ పొద్దున్నే లేపి కూర్చోబెట్టాలంటే రెండు కావాలి. చదివే సబ్జెక్టులో ఏదో ఒక మూల మీద నిజమైన ఇష్టం ఉండాలి. మన తప్పులు మనకి దాచుకోకుండా కనపడుతూ ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత పట్టుదల గల మనిషికైనా మనసు పోతుంది. దాన్ని సోమరితనం అని తిట్టుకోవడం వల్ల ఏమీ రాదు.

గేట్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఐఐటీలు, ఐఐఎస్సీ, ఎన్ఐటీల్లో ఎం.టెక్ సీటు కోసం ఇంజనీరింగ్ చదివినవాళ్ళు రాసే పరీక్ష ఇది. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగాలకి కూడా ఈ స్కోరే చూస్తాయి. బెంగళూరు ఐఐఎస్సీ, ఏడు పాత ఐఐటీలు వంతులవారీగా దీన్ని నడుపుతాయి. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో ఆప్టిట్యూడ్‌కి 15, లెక్కలకి సుమారు 13, మిగతాది మన బ్రాంచి. ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్న తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోస్తారు. ఆప్షన్లు లేకుండా జవాబు మనమే టైపు చేయాల్సినవి కొన్ని ఉంటాయి, వాటికి కోత లేదు. లెక్కలు చేయడానికి తెర మీద కనిపించే కాలిక్యులేటరే గతి.

ఇందులో కష్టం ఎక్కడుందంటే, చాలామంది సిలబస్ ఎక్కువ అంటారు. నేను అలా అనుకోను. మన సెమిస్టర్ పరీక్షలకి ఎలా చదివామో గుర్తు తెచ్చుకోండి. పరీక్షకి ముందు రెండు రాత్రులు, ఒక ఆల్ ఇన్ వన్ గైడు, ముఖ్యమైన ప్రశ్నలు ఓ పదిహేను. అలా చదివే నాకు డెబ్భై ఆరు శాతం వచ్చింది. డిగ్రీ చేతికొచ్చాక గేట్ పాత పేపరు ఒకటి ముందు పెట్టుకుంటే సాయిల్ మెకానిక్స్‌లో, అంటే నేలల గురించిన సబ్జెక్టులో, ఒక్క ప్రశ్న కూడా చేతకాలేదు. ఆ రోజు కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. నాలుగేళ్ళు చదివిన సబ్జెక్టు నాకు రాదు, నాకు రాదని నాకే తెలియదు. గేట్‌కి కూర్చున్నవాళ్ళలో చాలామందికి మొదటి నెలలోనే మనసు విరగడానికి ఈ సిగ్గే కారణమని నా నమ్మకం. ఎవరూ దాన్ని సిగ్గు అని పేరు పెట్టి పిలవరు. బోర్ కొడుతోంది అంటారు, ఫోకస్ కుదరట్లేదు అంటారు.

రెండోసారి రాయాలనుకున్నప్పుడు, 2022 జూన్‌లో, హైదరాబాద్ వచ్చాను. అశోక్‌నగర్‌లో ముగ్గురుండే హాస్టల్ గది, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ. రాష్ట్రంలో ఎనభై వేల పైచిలుకు ఉద్యోగాలు భర్తీ చేస్తామని అసెంబ్లీలో ప్రకటన వచ్చిన ఏడాది అది. లైబ్రరీలో గ్రూప్స్‌కి, పోలీసు ఉద్యోగాలకి చదివేవాళ్ళే ఎక్కడ చూసినా. పొద్దున ఏడింటికి వెళ్ళకపోతే లోపల కుర్చీ దొరికేది కాదు, బయట చెట్ల కింద కూర్చోవాలి. అక్కడ గేట్‌కి చదివేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు.

మొదటి రెండు నెలలు రోజుకి పది గంటలు కూర్చున్నాను. ఎన్ని గంటలైందో ఫోన్‌లో నమోదు చేసుకునేదాన్ని. ఆగస్టులో మొదటి మాక్ టెస్ట్ రాస్తే 24 వచ్చాయి. పరీక్షలో వచ్చినదానికన్నా తక్కువ. ఆ తర్వాత మూడు వారాలు ఇంకో టెస్ట్ రాయలేదు. సిలబస్ పూర్తయ్యాక రాస్తాను, ఇప్పుడే రాస్తే వృథా అని చెప్పుకున్నాను. ఒక మధ్యాహ్నం హఠాత్తుగా తోచింది, ఇది జనవరిలో వాయిదా కోసం చూసినట్టే ఉంది కదా అని. కాకపోతే ఈసారి కోర్టుతో పని లేకుండా నా పరీక్షని నేనే వాయిదా వేసుకుంటున్నాను.

లైబ్రరీలో నా పక్క కుర్చీలో జనగామ వైపు నుంచి వచ్చిన ఒక అన్న కూర్చునేవాడు. గ్రూప్-2 కోసం చాలా ఏళ్ళుగా చదువుతున్నాడు. ముందుగా వస్తే నాకు కుర్చీ పట్టి ఉంచేవాడు. నా ఫోన్‌లో గంటల లెక్క చూసి ఒకరోజు అన్నాడు: "ఎన్ని గంటలు కూసున్నవో ఎందుకు రాస్తున్నవ్ చెల్లె? ఇయ్యాల ఏం సమజయిందో రాయి. ఏం సమజ్ కాలేదో అది గూడ రాయి." నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి హాస్టల్‌కి వచ్చాక పది గంటల్లో నాకు అర్థమైంది ఏమిటని రాద్దామని కూర్చుంటే ఒక్క వాక్యం కూడా రాలేదు.

మర్నాడు రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. చేసిన ప్రతి తప్పుకీ మూడు గళ్ళు. ప్రశ్న ఏమిటి, నేను ఏమనుకున్నాను, నిజం ఏమిటి. సొల్యూషన్ ఎత్తి రాయడం ఉండదు. ఈ మూడింటిలో రెండోది చాలా ముఖ్యం, రాయడానికి కష్టమైనదీ అదే. తప్పు చేసిన క్షణంలో బుర్రలో ఏం నడిచిందో పట్టుకుని రాయాలి. "తొందరలో చూసుకోలేదు" అని రాస్తే సరిపోదు. ఏది చూసుకోలేదు, దేన్ని దేనిగా అనుకున్నాను?

ఒక ఉదాహరణ చెప్తాను. బంకమట్టి పొర మీద భవనం బరువు పడితే ఆ మట్టిలోని నీరు మెల్లగా బయటికి పోతుంది, పోయేకొద్దీ నేల కుంగుతుంది. దీన్నే కన్సాలిడేషన్ అంటాం. ఎంతకాలం పడుతుందన్నది నీరు పోవాల్సిన దారి (డ్రైనేజ్ పాత్) పొడవు వర్గం మీద ఆధారపడుతుంది. పొరకి పైనా కిందా ఇసుక ఉంటే నీరు రెండు వైపులా పోతుంది, దారి పొర మందంలో సగమే. ఒక వైపే ఇసుక ఉంటే మందమంతా దారే. ఈ రెండిటినీ తారుమారు చేస్తే జవాబు నాలుగు రెట్లు తేడా వస్తుంది. ఆ నాలుగు రెట్ల తప్పు జవాబు కూడా ఆప్షన్లలో చక్కగా ఉంటుంది. ఈ తప్పు నేను సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నాలుగుసార్లు చేశాను. నోట్‌బుక్‌లో నాలుగు చోట్లా రెండో గడిలో ఒకటే మాట ఉంది: "కింద రాయి ఉందని చదివి కూడా బొమ్మ గీయలేదు." రాయిలోంచి నీరు పోదు. బొమ్మ గీసి ఉంటే కనపడేది. నాలుగోసారి రాశాక ఆ తప్పు మళ్ళీ రాలేదు.

రెండు నెలలయ్యాక నోట్‌బుక్ మొదటినుంచి తిరగేస్తే ఒక విషయం బయటపడింది. నా తప్పుల్లో సగానికి పైగా విషయం తెలియక చేసినవి కావు. తేమ శాతాన్ని భిన్నంగా మార్చకుండా వేసేయడం, కిలోన్యూటన్లకీ కిలోలకీ మధ్య తడబడటం, కాలిక్యులేటర్‌లో లాగ్ రెండు రకాలుంటే ఒకదానికి బదులు ఇంకోటి నొక్కడం, ప్రశ్నలో "కానిది" అన్న మాట దాటేయడం. "నాకు సివిల్ రాదు" అన్న పెద్ద బరువు కాస్తా "ఈ పదకొండు రకాల పొరపాట్లు మానాలి" అన్న చిన్న పనిగా మారింది. పెద్ద బరువు ముందు ఎవరికైనా చేతులాడవు. చిన్న పని ముందు కూర్చోవచ్చు. మాక్ మార్కులు 31, 29, 38, 36 అని పడుతూ లేస్తూ వెళ్ళాయి. పడిన రోజు కూడా ఎందుకు పడ్డాయో పుస్తకంలో ఉండేది కాబట్టి అన్నం సహించేది.

గుడ్డిగా గుర్తు పెట్టడం గురించి కూడా ఒకరోజు కాగితం మీద లెక్క వేశాను. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా ఒకటి పెడితే, ఒప్పయ్యే అవకాశం నాలుగింట ఒకటి, తప్పయితే మూడో వంతు కోత. సగటున వచ్చేదీ పోయేదీ సమానం. రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తెలిసినప్పుడు పెడితే మాత్రం సగటున లాభమే. ఇంత చిన్న లెక్క వేసుకోక, నెగెటివ్ మార్కుల టెన్షన్‌తో మొదటిసారి ఎన్నో ప్రశ్నలు వదిలేశాను.

ఇక ఇష్టం సంగతి. "అక్కా, నాకు సివిల్ ఇష్టం లేదు, కౌన్సెలింగ్‌లో అదే వచ్చింది" అంటారు కొందరు. నాకూ అదే వచ్చింది. ఎంసెట్ ర్యాంకుకి కంప్యూటర్స్ రాలేదు, సివిల్‌లో చేరాను. ఇష్టం ముందే ఉండి ఈ దారిలోకి వచ్చినవాళ్ళు ఎందరుంటారు? అది దారి మధ్యలో ఎక్కడో తగులుతుంది. నాకు తగిలిన చోటు మామయ్య ఇంటి గోడ.

మామయ్య వాళ్ళది గుంటూరు జిల్లాలో నల్లరేగడి నేలల ఊరు. వాళ్ళ ముందు గది గోడకి కిటికీ మూల నుంచి కిందికి ఏటవాలుగా ఒక పగులు ఉంది. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే దానిలో మా వేళ్ళు పెట్టి ఆడుకునేవాళ్ళం. సంక్రాంతికి వెళ్తే అది సన్నగా ఉండేది. అమ్మమ్మ ఇంటికి దిష్టి తగిలిందనేది. మేస్త్రి పునాది చాల్లేదనేవాడు. ఎవరో వచ్చి వాస్తు బాగోలేదన్నారని మామయ్య వాకిలి కూడా మార్చాడు. రెండుసార్లు సిమెంటు పూయించాడు, రెండుసార్లూ మళ్ళీ పగిలింది.

బి.టెక్‌లో ఈ నేల గురించి చదివే ఉంటాను, మార్కులు కూడా వచ్చే ఉంటాయి. కానీ సెప్టెంబరులో ఒక రాత్రి ఎన్‌పీటీఈఎల్‌లో ఒక ప్రొఫెసర్ పాఠం వింటున్నాను. (ఐఐటీల ప్రొఫెసర్ల పాఠాలు అందులో ఉచితంగా దొరుకుతాయి. వేలకి వేలు పోసి కోర్సులు కొనే ముందు ఒకసారి అవి వినండి.) నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుందనీ, దాని పొరల మధ్యకి నీరు దూరితే ఉబ్బుతుందనీ, ఎండితే కుంచించుకుపోతుందనీ ఆయన చెప్తున్నారు. వానకి లేచి ఎండకి కుంగే నేల మీద ఇల్లు నిలబడి ఉంటుంది. నా కళ్ళ ముందు ఆ పగులు కనిపించింది. వేసవిలో వెడల్పు, వానలయ్యాక సన్నం. ఇరవై ఏళ్ళుగా మా అందరి కళ్ళ ముందూ ఉన్నదాన్ని ఒకాయన ఎక్కడో కూర్చుని వివరిస్తున్నాడు.

పొద్దున్నే మామయ్యకి ఫోన్ చేశాను. "మామయ్యా, మీ ఇల్లు కట్టినప్పుడు పునాది ఎన్నడుగులు తవ్వారు?"

"నాలుగడుగులేమోనమ్మా. ఏం, ఇప్పుడెందుకు?"

నాలుగడుగులు ఆ నేలకి చాలదు. తడి, పొడి మారడం అంతకన్నా లోతుకి పోతుంది. అందుకే ఇలాంటి నేలల్లో ఆ మార్పు అందని లోతుదాకా పైళ్ళు, అంటే పునాది స్తంభాలు, దింపి, వాటి అడుగున గుండ్రంగా వెడల్పు చేసే పద్ధతి ఉంది. అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) దీని మీద చాలా పని చేసింది. ఇవన్నీ ఆ వారం నేను సిలబస్‌లో ఉన్నదానికన్నా ఎక్కువే చదివాను. గేట్‌లో వాటిమీద ప్రశ్న వస్తుందా రాదా అని చూడలేదు. ఆ వారం నుంచి నేలలు, పునాదుల గురించి చెప్పే జియోటెక్నికల్ పుస్తకం తెరవడానికి నన్ను ఎవరూ తోయాల్సిన అవసరం రాలేదు.

సిలబస్ మొత్తాన్ని ప్రేమించాలని నేను అనట్లేదు. ఎన్విరాన్‌మెంటల్ నాకు చివరిదాకా ఇష్టం కాలేదు, చదవాలి కాబట్టి చదివాను. ఇష్టమైనదాన్ని రోజు మొదట్లో పెట్టుకునేదాన్ని. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా సాయిల్స్. ఆ గంటన్నర కోసం లైబ్రరీకి వచ్చేదాన్ని, వచ్చాక మిగతావి ఎలాగూ చదివేదాన్ని. ఇష్టమైన సబ్జెక్టుని బహుమతిలా రాత్రికి దాచుకోవాలని కొందరు అంటారు. నా విషయంలో అది కుదరలేదు, రాత్రయ్యేసరికి బహుమతి అందుకునే ఓపిక ఉండేది కాదు.

కన్సాలిడేషన్ సిద్ధాంతం చెప్పిన టెర్జాగీ పేరు మీద ఒక నమూనా ఉంది. నీళ్ళు నింపిన గొట్టంలో ఒక స్ప్రింగు, పైన చిన్న రంధ్రం ఉన్న మూత. మూత మీద బరువు పెట్టిన క్షణంలో బరువంతా నీళ్ళే మోస్తాయి, స్ప్రింగు కదలదు. రంధ్రంలోంచి నీళ్ళు కాస్త కాస్త పోయేకొద్దీ బరువు స్ప్రింగు మీదకి మారుతుంది. జూన్, జూలైల్లో రోజుకి పది గంటలు నేను పేర్చుకున్నదంతా నీళ్ళ మీద నిలిచిన బరువేనని ఆ పాఠం చదువుతున్నప్పుడు అనిపించింది. పైకి చూస్తే బరువు ఉంది, లోపల గట్టిపడ్డది ఏమీ లేదు. అలా మారడానికి టైం పడుతుంది. రోజుకి పద్నాలుగు గంటలు చదివానని చెప్పే ఇంటర్వ్యూల మీద నాకు కోపం అందుకే. నోట్‌బుక్ మొదలెట్టాక నేను చదివింది రోజుకి ఆరు గంటలు, మహా అయితే ఏడు. మిగతా టైంలో నిద్రపోయాను, నడిచాను, బట్టలు ఉతుక్కున్నాను. పైగా రాత్రి పన్నెండు దాకా లైబ్రరీలో కూర్చోమని చెప్పేవాళ్ళు, హాస్టల్ గేటు తొమ్మిదికి మూసేసే ఆడపిల్లల సంగతి ఒక్కసారైనా ఆలోచించాలి.

మోటివేషన్ వీడియోలు నేనూ చూశాను, చూసి ఏడ్చాను కూడా. వాటిల్లో గెలిచిన మనిషి ఉంటాడు, అతని కష్టం ఉంటుంది, వెనకాల సంగీతం ఉంటుంది. అతను ఏం చదివాడో, అందులో అతనికి ఏం నచ్చిందో మాత్రం ఉండదు. చూసిన అరగంట మనసు ఉప్పొంగుతుంది. తర్వాత పుస్తకం తెరిస్తే అదే ఫ్లూయిడ్ మెకానిక్స్, అదే అర్థం కాని ఈక్వేషన్. ఆ వీడియోకీ ఈ ఈక్వేషన్‌కీ మధ్య ఏ సంబంధమూ లేదు. అందుకే మర్నాడు ఇంకో వీడియో కావాల్సి వస్తుంది.

ఇంటి సంగతి రాయకుండా ఈ విషయం పూర్తి కాదు. మా నాన్న ఎరువుల దుకాణంలో గుమస్తా. హాస్టల్‌కీ భోజనానికీ కలిపి నెలకి ఆరున్నర వేలు పంపేవాడు. ఎం.టెక్‌లో చేరితే నెలకి 12,400 స్టైపెండ్ వస్తుందని ఇంట్లో చెప్పి ఒప్పించాను. ప్రతి ఆదివారం ఫోన్‌లో "ఎట్లుంది బిడ్డా?" అని అడిగేవాడు. "బాగుంది నాన్నా" అనేదాన్ని. 24 మార్కులు వచ్చిన వారం కూడా అలాగే అన్నాను. పెట్టేశాక కాసేపు ఏమీ చదవబుద్ధయ్యేది కాదు. చదువులో పోయిన ఓపిక కన్నా ఆ ఒక్క అబద్ధం నిలబెట్టుకోవడానికి పోయిన ఓపికే ఎక్కువని నాకిప్పుడు అనిపిస్తుంది.

దసరాకి ఇంటికి వెళ్ళాను. మా పెద్దమ్మ అందరి ముందూ అడిగింది, "ఇంకా చదువుతనే ఉన్నవా? పెళ్ళి సంబంధాలు చూడొద్దా?" అని. ఆమెకి జవాబు చెప్పలేకపోయాను. రాత్రి అందరూ పడుకున్నాక నాన్నకి నోట్‌బుక్ చూపించాను. మార్కులు కూడా చెప్పాను, దాచకుండా. నాన్నకి సివిల్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ముప్ఫై ఏళ్ళుగా రైతుల ఖాతాలు రాస్తున్న మనిషి. గళ్ళు చూశాడు, తేదీలు చూశాడు.

"ఇది బాకీల పుస్తకం లెక్కనే ఉంది బిడ్డా. తీరినయి కొట్టేస్తున్నవా మరి?"

కొట్టేయట్లేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు. ఆ రాత్రే ఇద్దరం కూర్చుని, నెల రోజులుగా మళ్ళీ చేయని తప్పుల మీద స్కేలు పెట్టి ఎర్ర గీతలు గీశాం. నేను ప్రశ్న పేరు చదవడం, నాన్న గీత గీయడం. పడుకునే ముందు ఒక మాట కూడా అనుకున్నాం. వచ్చే ఫిబ్రవరే చివరిసారి. సీటు రాకపోతే ఉద్యోగం చూసుకుంటాను, ఆ విషయంలో ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు. చివరి తేదీ పెట్టుకుంటే టెన్షన్ పెరుగుతుందనుకున్నాను. తగ్గింది. పెద్దమ్మకి కూడా చెప్పడానికి ఒక జవాబు దొరికింది.

గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, పరీక్ష ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఈ వెసులుబాటు మంచిదే కానీ ఏటా "ఇంకొక్కసారి" అంటూ నాలుగేళ్ళు గడిపేసినవాళ్ళని చూశాను. ఎన్నిసార్లు రాయాలో నేను చెప్పను. ఆ సంఖ్య మాత్రం ఫలితం రాకముందే, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

నా రూమ్మేట్ ఒక అక్క ఉండేది, నంద్యాల నుంచి, ఎలక్ట్రికల్. నాకన్నా తెలివైనది, నాకు లెక్కలు చెప్పింది తనే. ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం కోసం రాస్తోంది, తమ్ముడి చదువు తన మీదే ఉంది. అక్టోబరు చివర్లో కర్నూలు వైపు ఒక సోలార్ ప్లాంటులో ఉద్యోగం వస్తే సామాను సర్దుకుంది. నేను ఆపబోయాను. మోటివేషన్ పోయిందనుకుని ఏవేవో చెప్పాను. తను విని, "నాకు కావాల్సింది జీతం చెల్లీ. అది ఇప్పుడే వస్తోంది. ఇంకో నాలుగు నెలలు ఆగి ఇదే తెచ్చుకోవడం ఎందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు. డబ్బు అవసరం చాలా గట్టి కారణం, గౌరవించాల్సిన కారణం. ఆ అవసరం తీరే దారి వేరే కనిపించినప్పుడు చదువు ఆపేయడాన్ని ఓటమి అనడం తప్పు. తన కెటిల్, తన ఫార్ములాల కాగితాలు నాకు వదిలి వెళ్ళింది. వారం రోజులు ఆ గదిలో చదవలేకపోయాను. ఇద్దరు పక్కపక్కన చదువుకోవడంలో ఎంత బలం ఉంటుందో అప్పుడు తెలిసింది. తర్వాత రోజూ రాత్రి ఫోన్‌లో తనకి ఆ రోజు చేసిన ఒక తప్పు చెప్పేదాన్ని. సైటు నుంచి అలసిపోయి వచ్చినా వినేది.

డిసెంబరులో జ్వరం వచ్చి ఐదు రోజులు పడుకున్నాను. లేచాక పుస్తకం చూస్తే భయం వేసింది, ఐదు రోజుల బాకీ తీర్చాలనిపించింది. తీర్చలేదు. ఆ ఐదు రోజుల టైమ్‌టేబుల్ కాగితం చించేసి, ఆ రోజు ఆప్టిట్యూడ్ ప్రశ్నలు పది మాత్రం చేసి పడుకున్నాను. మర్నాడు ఏడింటికి సాయిల్స్. పోయిన రోజుల్ని కలిపి చదవాలనుకునేవాళ్ళు ఇంకో వారం పోగొట్టుకోవడం ఆ లైబ్రరీలో చాలాసార్లు చూశాను.

2023 ఫిబ్రవరిలో పరీక్ష. మొదటి అరగంటలో నాలుగు ప్రశ్నలు చేతకాక వదిలి ముందుకి పోవాల్సి వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. రఫ్ ప్యాడ్ మీద ఊరికే ఒక మట్టి పొర బొమ్మ గీశాను, పైనా కిందా బాణాలు వేశాను. కాసేపటికి ఊపిరి సర్దుకుంది. మార్చి 16న ఫలితాలు వచ్చాయి. 58 మార్కులు. గొప్ప ర్యాంకేమీ కాదు, ఐఐటీల్లో నేను కోరుకున్న చోట రాలేదు. ఒక ఎన్ఐటీలో జియోటెక్నికల్ దొరికింది. జనగామ అన్నకి చెప్తే లైబ్రరీ బయట చాయ్ తాగించాడు. తను ఇంకా చదువుతూనే ఉన్నాడు.

ఎం.టెక్ రెండో సెమిస్టర్‌లో మామయ్య వాళ్ళ పెరట్లోంచి మట్టి తెప్పించుకున్నాను. రెండు సంచులు బస్సులో వేసి పంపాడు, ఒకదానిలో అత్తయ్య పెట్టిన గోంగూర పచ్చడి సీసా కూడా ఉంది. ఆ మట్టితో ల్యాబులో కన్సాలిడేషన్ టెస్ట్ పెట్టాను. ఒక్కో బరువు వేశాక ఇరవై నాలుగు గంటలు ఆగాలి, తర్వాత బరువు రెట్టింపు చేయాలి. బరువు వేసిన మొదటి నిమిషాల్లో, మట్టి ఎంత కుంగిందో చూపే డయల్ గేజ్ మీంచి కన్ను తీయకూడదు. ఆ తర్వాత ముల్లు మెల్లబడుతుంది. నా పక్కన నిలబడిన జూనియర్ అడిగింది, "అక్కా, డ్రైనేజ్ పాత్ ఎంత తీసుకోవాలి?"

రింగు తీసి చూపించాను. మట్టి మందం 20 మిల్లీమీటర్లు. పైన ఒక పోరస్ రాయి, కింద ఒక పోరస్ రాయి. ఈ రాళ్ళలోంచి నీరు పోతుంది. "ముందు బొమ్మ గీయి," అన్నాను. గీసింది, రెండు వైపులా బాణాలు వేసింది, పక్కన 10 అని రాసింది.